లంకలో జాంబవంతుడు లేడు

ఈ వ్యాసం బుధవారం సాయంత్రం అయిదింటికల్లా పత్రికాఫీసుకి చేరాలి. ఇప్పుడు మూడున్నర. పొద్దుటి నుంచి మూడుసార్లు రాయడానికి కూర్చున్నాను, మూడుసార్లూ లేచాను. ఒకసారి కాఫీకి, ఒకసారి కొరియర్ అబ్బాయి తలుపు కొడితే. మూడోసారి ఎందుకు లేచానో నాకే తెలీదు. పని మీద మనసు నిలవని వాళ్లను తిట్టే అర్హత నాకెంతుందో పాఠకులే తేల్చాలి. అయినా తిట్టక మానను.

మా అక్క కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. మొన్న అలాంటి ఒక రోజున వాళ్లింట్లో ఉన్నాను. తొమ్మిదిన్నరకి మీటింగు మొదలైంది, పావుగంటలో ముగిసింది. తరవాత లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పనికేమో అనుకున్నాను. కోటు తొడుక్కున్న ఒకాయన వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, గాల్లోకి పిడికిలి విసురుతూ, లే, పరుగెత్తు, గెలువు అని కేకలు. వెనక డప్పులు. అది అవగానే ఇంకొకాయన. ఈయనకి కోటు లేదు, గడ్డం ఉంది. పదకొండున్నర దాకా చూసి ఇక ఉండబట్టలేకపోయాను.

“ఏరా, అంతమంది లెమ్మంటున్నారుగా, లేవవేం?”

“మోటివేషన్ కోసం మావయ్యా. అది రాకపోతే పని మొదలెట్టలేను.”

“రెండు గంటల నుంచీ వస్తూనే ఉందిగా?”

“వస్తుంది, పోతుంది” అన్నాడు పాపం, దాచకుండా.

వచ్చిపోయేదానికి మా అమ్మ కాలంలో చలిజ్వరం అని పేరుండేది. ఆ మాటే అన్నాను. వాడికి కోపం వచ్చింది. శనివారం పొద్దున్నే ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ వినిపించే ఇంట్లో పెరిగినవాడు కదా, దెబ్బకి దెబ్బ తీశాడు. “హనుమంతుడికే జాంబవంతుడు చెప్పాల్సి వచ్చింది. మాకు యూట్యూబ్ చెబితే తప్పొచ్చిందా?”

మాట బాగానే ఉంది. సముద్రం ఒడ్డున వానర వీరులంతా చేరి ఎవరెంత దూరం దూకగలరో చెప్పుకున్నారు. మా వాడి ఆఫీసులో అయితే దాన్ని ఎస్టిమేట్లు ఇవ్వడం అంటారు. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు. ముసలి జాంబవంతుడు తొంభై అన్నాడు. అంగదుడు నూరూ దూకుతాను కానీ తిరిగి రావడం మాటే చెప్పలేనన్నాడు. ఒక పక్కన ఊరికే కూర్చున్న హనుమంతుడి దగ్గరికి జాంబవంతుడు వెళ్లి, నువ్వెవరివో గుర్తు తెచ్చుకో నాయనా అన్నాడు. ఆయన పెరిగాడు, దూకాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు. మోటివేషన్ వాళ్లు కథను ఇక్కడే ఆపేసి చప్పట్లు కొట్టిస్తారు. నా పేచీ అక్కడే.

ఆ రోజు రాత్రి సంగతి వాళ్లకు అక్కర్లేదు. లంకలో హనుమంతుడు ఇంటింటికీ తిరిగాడు. రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతమ్మే అనుకున్నాడు. ఆ సంబరంలో తోకను ముద్దు పెట్టుకున్నాడు, స్తంభాలెక్కి కిందికి దూకాడు. వాల్మీకి అదేమీ దాచలేదు. కాసేపటికి ఆయనకే తోచింది, రాముడికి దూరమైన తల్లి ఇలా అలంకరించుకుని హాయిగా నిద్రపోతుందా అని. మళ్లీ వెతుకులాట. పానశాలలు, పూలిళ్లు, చిత్రశాలలు. నాలుగు వేళ్ల మేర చోటు కూడా వదల్లేదు. సీతమ్మ లేదు.

అప్పుడు కూలబడ్డాడు. సుందరకాండ పదమూడో సర్గ తెరిచి చూడండి. కనిపించలేదని వెళ్లి చెబితే రాముడు బతకడు. రాముడు పోతే లక్ష్మణుడు. ఆ వార్త విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరజాతి మొత్తం. ఒక్క పని కాకపోతే లోకమే ఖాళీ అయిపోతుందన్నట్టు వరసపెట్టి ఊహించుకున్నాడు. రాత్రి రెండింటికి నిద్రపట్టక, రేపటి గడువు తప్పితే ఉద్యోగం, ఉద్యోగం పోతే ఇంటి ఇఎంఐ, అది ఆగితే పిల్ల స్కూలు ఫీజు అని లెక్కేసుకునే వాడికి ఈ వరస బాగా తెలుసు. ప్రాణం విడుద్దామా అనే ఆలోచన దాకా వెళ్లాడాయన. సముద్రం దాటి ఇంకా ఒక్క రాత్రి కూడా గడవలేదు. ఒడ్డున విన్న పొగడ్త అప్పటికే కరిగిపోయింది. వీపు తట్టడానికి లంకలో జాంబవంతుడు లేడు. నూరు యోజనాల అవతల ఉన్నాడు.

ఇంకొకటి కూడా చూడండి. అంతకు ముందు సర్గలోనే హనుమంతుడు తనకు తానే చెప్పుకున్న మాట ఒకటుంది, అనిర్వేదం. కుంగిపోకపోవడం. ఏ పనిలోకైనా మనిషిని నడిపించేది అదేనని అనుకుని లేచి మళ్లీ వెతికాడు. దానికి ఉత్సాహమని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అది అంతకంటే తక్కువ చప్పుడు చేసే గుణమనిపిస్తుంది. ఆ మాట చెప్పుకున్నాక కూడా ఆయన మళ్లీ కుంగాడు మరి. అంతటివాడికే ఒక్కసారి చెప్పుకుంటే సరిపోలేదు. చివరికి ఆయన్ని లేపినవి రెండే. బతికుంటే ఎప్పటికైనా మంచి చూడొచ్చునన్న తలపు ఒకటి. ఎదురుగా కనిపించే ఆ తోట ఇంకా వెతకలేదే అని గుర్తుకు రావడం రెండోది. దేవతలందరికీ దణ్ణం పెట్టుకుని గోడెక్కాడు.

ఆ రెండోదాని విలువ నాకు బ్యాంకులో తెలిసింది. చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు. సేవింగ్స్ లెడ్జర్లలోని ఖాతాల నిల్వలన్నీ కూడితే జనరల్ లెడ్జరులోని అంకెతో సరిపోవాలి. ఒకసారి 54 రూపాయలు తేడా వచ్చింది. మూడు సాయంత్రాలు దాని మీదే కూర్చున్నాను. తేడా తొమ్మిదితో భాగిస్తే పోతోందంటే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చని పాతవాళ్లు నేర్పారు. అది తెలిసినా దొరకలేదు. నాలుగో రోజు పెన్ను కింద పడేసి, ఈ ఉద్యోగం నావల్ల కాదన్నాను. మా అకౌంటెంటు గారు ధైర్యం చెబుతారని ఎదురు చూశాను. ఆయన ముక్కుపొడి పీలుస్తూ, “చూడని లెడ్జరేదో అది చెప్పవోయ్” అన్నారు. చూడనిది ఒకటి ఉంది. అట్ట ఊడిపోతే కుట్టడానికి పక్కన పెట్టాం. దాని కూడిక ఎప్పటిదో నమ్మి ఎక్కించేశాను. అందులో 17 ఉన్న చోట 71 వేసి ఉంది.

మన పెద్దలు నిత్యకర్మ, కామ్యకర్మ అని విడదీసింది ఊరికే కాదు. కామ్యానికి ఫలం మీద కోరిక ఉండాలి. సంధ్యావందనానికి పొద్దుపొడుపు చాలు. ఇవాళ మూడ్ లేదని తిరుమలలో సుప్రభాతం ఆగిన రోజు ఉందా? అన్నమయ్య సంగతి చూడండి. 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా సంకీర్తనలు చెప్పాడని రాగిరేకుల లెక్క. అవి 32 వేలని చెబుతారు. డెబ్భైతొమ్మిదేళ్లకు పంచితే ఏడాదికి నాలుగు వందల పైచిలుకు, రోజుకొకటి దాటుతుంది. మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఆ డెబ్భైతొమ్మిదేళ్లలో ఆయనకు తలనొప్పి రాని రోజులే ఉన్నాయా? ఇంట్లో మాటా మాటా పెరగని రోజులే ఉన్నాయా? దక్కిన వాటిలో గొప్పవి ఉన్నాయి, ఏదో ఆ రోజుకి అన్నట్టున్నవీ ఉన్నాయి. స్వామి ముందు రెండూ పాడాడు.

గీతను కూడా ఈ మధ్య ఆఫీసుల్లో ఉత్సాహ ప్రసంగంగా వాడుతున్నారు. రెండో అధ్యాయం 37వ శ్లోకంలో కృష్ణుడు ఆశ చూపిన మాట నిజమే. చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం అన్నాడు. శిక్షకులు అక్కడ పుస్తకం మూసేస్తారు. మరుసటి శ్లోకంలోనే సుఖదుఃఖాలనూ గెలుపోటములనూ ఒక్కటిగా చూసి యుద్ధం చెయ్యమన్నాడు. బెల్లంముక్క చూపించి వెంటనే లాగేసుకున్నాడు మహానుభావుడు!

కంపెనీలను వదిలేశానని అనుకోకండి. జాంబవంతుడు హనుమంతుడికి లేని బలం అంటగట్టలేదు, ఉన్నదే గుర్తుచేశాడు. నూరు యోజనాలు దూకినవాణ్ణి వచ్చే ఏడాది నూట యాభై దూకమననూ లేదు. పన్నెండు గంటలు కూర్చోబెట్టి, గోడ మీద సూర్యోదయం బొమ్మ తగిలించి కింద నాలుగు మంచి మాటలు రాయిస్తే అలసట పోదు. అలసటకు నిద్ర కావాలి. దారిలో ఆతిథ్యమిస్తానన్న మైనాక పర్వతాన్ని హనుమంతుడు చేత్తో తాకి సాగిపోయాడని మనమూ మధ్యాహ్నం భోజనం మానక్కర్లేదు. పని చక్కబెట్టుకుని తిరిగొచ్చాక వానరులు మధువనాన్ని ఏం చేశారో కూడా ఆ కాండలోనే ఉంది.

అయిదు కావస్తోంది. మా వాడు ఫోన్ చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి పని సాగిందట. ఎలాగో తనకే తెలీదట, ఊరికే ఫైలు తెరిచి చూస్తూ కూర్చున్నాడట. తరవాత అసలు సంగతి అడిగాడు. “తిరిగొచ్చాక జాంబవంతుడు మళ్లీ పొగిడాడా మావయ్యా?”

పుస్తకం తీసి చూశాను. మహేంద్రగిరి మీద జాంబవంతుడు ఆయన్ని అడిగింది జరిగిన వృత్తాంతం. ఎలా వెళ్లావు, సీతను ఎలా చూశావు, అన్నీ చెప్పు, రాముడికి ఏది చెప్పాలో ఏది మనలో ఉంచుకోవాలో చూద్దాం అన్నాడు. హనుమంతుడు మొదలుపెట్టాడు. మైనాకుడు, సురస, సింహిక, లంక, అన్నీ వరసగా చెప్పాడు. ఆ రాత్రి కూలబడిన ఘట్టం వచ్చింది. రావణుడి ఇంట సీత కనబడక శోకసముద్రంలో పడ్డాను, గట్టు కనిపించలేదు అన్నాడు. సర్గంత దుఃఖానికి అంతే చోటు. ఆ వెంటనే, దుఃఖపడుతూ ఉండగా ఒక ప్రహరీ కనిపించింది, దాని వెనక తోట ఉంది అని చెప్పుకుపోయాడు.