మొక్క వృక్షమునకు బదులగునా?

ఒక చెట్టును కొట్టి పది మొక్కలు నాటినచో లెక్క సరిపోవునను అభిప్రాయము లోకమున బలపడినది. లెక్క సరిపోవచ్చును. ఋణము తీరునా అనునదే విచారింపదగిన ప్రశ్న.

హైదరాబాదు నుండి బిజాపురమునకు పోవు రహదారిపై, అప్పా కూడలి మొదలు మన్నెగూడ వరకు, సుమారు 46 కిలోమీటర్ల పొడవున దాదాపు 900 మర్రిచెట్లు కలవు. నిజాముల కాలమున బాటసారుల నీడకై నాటబడినవి. తాండూరు, వికారాబాదు ప్రాంతముల కుటుంబములు తరతరములుగా ఈ నీడలోనే నగరమునకు రాకపోకలు సాగించినవి.

మర్రిపండని జనులు పిలుచునది వాస్తవమునకు లోపలికి మూసుకొన్న పూలగుత్తి. దానిలో దూరి పరాగమును చేర్చునది కంటికి ఆనని ఒక చిన్న కందిరీగ. ఆ కీటకము లేక మర్రికి విత్తు లేదు; మర్రి లేక ఆ కీటకమునకు సంతతి లేదు. చెట్లన్నియు ఒకేసారి కాయవు గనుక, ఇతర ఫలములు దొరకని దినములలో గూడ ఎచ్చటనో ఒక మర్రి పండియుండును. కోయిలలు, గోరువంకలు, కంసాలిపిట్టలు, గబ్బిలములు దానిపై బ్రతుకుచున్నవి. విత్తులను దూరమునకు మోయుచున్నవి. ముదుసలి మాను తొర్రలలో పైడికంటెలు గూడు కట్టును. మొక్కను నాటవచ్చును గాని తొర్రను నాటుటెట్లు?

వృక్షము విలువ దాని వయస్సును 74,500 రూపాయలతో గుణించిన మొత్తమని సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘము లెక్కకట్టినది. ప్రాణికి ధర కట్టుట కొంత ఇబ్బందికరమే. అయినను వయస్సే విలువయని ఆ లెక్క ఒప్పుకొన్నది. పది మొక్కల వాదమునకు అదియే సమాధానము.

మనుష్యుని ఆరోగ్యమును గూర్చి చెప్పవలసినచో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి రోజర్ ఉల్‌రిచ్ 1984లో ఒక వ్యాసము ప్రకటించెను. పిత్తాశయ శస్త్రచికిత్స పొందినవారిలో, కిటికీనుండి చెట్లు కనబడిన 23 మంది, ఇటుకగోడ మాత్రమే కనబడిన 23 మందికంటె త్వరగా ఇల్లు చేరిరి. తీవ్రమైన నొప్పిమందులను తక్కువగా వాడిరి. ఆకులు నీటిని ఆవిరిగా విడుచుటచే వీధి చల్లబడుటయు, దుమ్ము ఆకులకంటుకొనుటయు అందరెరిగినదే.

అట్లని పచ్చనిదెల్ల మేలు చేయదు. త్వరగా పెరుగునని నగరములలో విరివిగా నాటిన కోనోకార్పస్‌ను, దాని చెరుపును గుర్తించి, గుజరాతు ప్రభుత్వము 2023లో నిషేధించినది. ఒకే జాతి వరుసలుగా నాటిన తోట అడవి కాదు. ఉగాదికి కన్నడ దేశమునుండి నల్లమల మీదుగా శ్రీశైలమునకు నడచు యాత్రికులకు ఈ భేదము చెప్పనక్కరలేదు. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప కలసి పెరిగినచోటనే ఆకురాలి నేల మెత్తనై, వాన నీరు ఇంకుచున్నది.

ఇక ఎదురువాదము. 2025 నవంబరు 3న చేవెళ్ళ సమీపమున ఇదే రహదారిపై కంకర లారీ బస్సును ఢీకొని దాదాపు 20 మంది మరణించిరి. ఇరుకు దారిని వెడల్పు చేయనక్కరలేదని ఆ కుటుంబముల ముందు నిలిచి ఎవరనగలరు? చెట్టుకై మనుష్యుని ప్రాణము నొడ్డుట దయ కాదు. అయితే చెట్టు, రహదారి పరస్పర శత్రువులని మొదటి పటము గీచినవారు భావించుటచేతనే వివాదము హరిత న్యాయస్థానమునకెక్కి ఏండ్లు గడచినవి. తుదకు చెట్లలో అధికభాగము నిలుచునట్లు దారి రూపమును మార్చుటకు అంగీకారము కుదిరినది. ఆ మార్పును తొలిదినముననే ఆలోచించియుండవచ్చును.

మిగిలిన కొన్నింటిని పెకలించి వేరుచోట నాటవలసియున్నది. మర్రి మొండి జాతి. కొమ్మను పాతినను చిగురించును. కాని కొమ్మలు నరికి తరలించిన మాను పూర్వపు నీడ నిచ్చుటకు చాల ఏండ్లు పట్టును. అంతవరకు వేసవులలో దానికి నీరు పోయువారెవరో, గొడ్డలి కదలుటకు ముందే నిర్ణయింపవలసియున్నది.