డార్విన్ తన లెక్క చూసుకున్న తీరు

"నాకు మొహమాటం ఎక్కువండీ" అని ఎవరైనా అంటే లోపం ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది గానీ, చాలాసార్లు అందులో మంచివాణ్ణనే మాటే దాగి ఉంటుంది. "నేను ముక్కుసూటి మనిషిని" అనేదీ అంతే. ఎవరి దగ్గర ముక్కుసూటి? పై అధికారి దగ్గరా, ఇంట్లో భార్య దగ్గరా, ఎదురు చెప్పని తమ్ముడి దగ్గరా? ఈ ప్రశ్న దాకా వెళ్లం. అందుకే మన గురించి మనం చెప్పుకునే గుణగణాలు పెళ్లిచూపుల్లో చెప్పే మాటల్లా ఉంటాయి. ఎవరికైనా అతుకుతాయి, ఎవరికీ పనికిరావు.

తన బలాబలాల లెక్క నిజాయతీగా చూసుకున్నవాళ్లు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది చార్లెస్ డార్విన్. 1876లో, అరవై ఏడేళ్ల వయసులో, ఇంట్లోవాళ్ల కోసం తన జీవితం గురించి రాసుకున్నాడు. అది అచ్చయింది ఆయన పోయాక, 1887లో. తన బుద్ధి ఎలాంటిదో, అది పనిచేసే తీరు చూపించి అందులో చెప్పాడు. తనది చురుకైన బుద్ధి కాదు. ఏ పుస్తకం చదివినా మొదట మెచ్చేసుకుంటాడు, చాలాసేపు ఆలోచిస్తే తప్ప అందులో లొసుగు కనపడదు. జ్ఞాపకం విస్తారమే గానీ మసక. ఒక తేదీ గానీ ఒక పద్యపాదం గానీ కొద్దిరోజులకు మించి నిలవదు. ఇవన్నీ రాసిన చేత్తోనే, ఇతరుల కంటికి ఆనని వాటిని గమనించడంలో తాను మామూలు మనుషుల కన్నా మెరుగని కూడా రాశాడు. తనకు పరిశీలనే తప్ప తర్కం లేదన్న విమర్శకుల మాట ఒప్పుకోలేదు. 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' మొదటి నుంచి చివరిదాకా ఒకే వాదన కదా అన్నాడు. తగ్గించి చెప్పుకోవడమే వినయమని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఉన్న బలాన్ని ఉన్నంతగా చెప్పడం అంతకన్నా కష్టమని నా అభిప్రాయం.

జ్ఞాపకం మసకని తెలిశాక ఏం చేశాడు? ముప్పై నలభై పెద్ద ఫైళ్లు పెట్టుకుని, బీరువా అరలకు చీటీలు అంటించి, దొరికిన ప్రతి విషయాన్నీ వాటిలో దాచాడు. వాక్యం మొదట వంకరగానే వస్తుందని తెలుసు కాబట్టి, గజిబిజి రాతతో సగం మాటలు కుదించి పేజీలకు పేజీలు గబగబా రాసి, ఆ తర్వాత తీరిగ్గా దిద్దేవాడు. లోపం ఎక్కడికీ పోలేదు. అది ఉండగానే పని సాగే దారి దొరికింది.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఆయన పెట్టుకున్న ఒక నియమం. తన సిద్ధాంతానికి ఎదురొచ్చే విషయం ఏది కనిపించినా అప్పటికప్పుడు రాసి పెట్టుకునేవాడు. అనుకూలమైనవి వాటంతట అవే గుర్తుంటాయి, ఎదురొచ్చేవి ఇట్టే జారిపోతాయని అనుభవం మీద గ్రహించాడు. 1859లో పుస్తకం వచ్చాక లేచిన అభ్యంతరాల్లో చాలామటుకు తాను ముందే చూసుకున్నవే కావడానికి ఈ అలవాటే కారణమంటాడు.

నేను పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. ఈ నియమాన్ని తరగతి గదికి తెచ్చుకున్నాను. క్లాసు అయి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోగానే, టీ రాకముందే, చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను: ఏ మాట దగ్గర వెనక బెంచీ పిల్లలు కిటికీ వైపు తిరిగారు, ఏ లెక్క రెండోసారి చెప్పాక కూడా పెన్నులు కదల్లేదు, ఎవరు అడగబోయి ఆగిపోయారు. టీ తాగాక రాద్దామంటే అవి ఉండవు. ముందు బెంచీ అమ్మాయి తల ఊపడం మాత్రం సాయంత్రం దాకా గుర్తుంటుంది.

ఇంత జాగ్రత్తగా చూసుకున్న మనిషినీ ఒక లోటు కమ్ముకుంది. ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఆయనకు కవిత్వమంటే ఇష్టం. బడి రోజుల్లో షేక్‌స్పియర్ నాటకాలు పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. పెద్దయ్యాక అదే షేక్‌స్పియర్ వెగటు పుట్టేంత విసుగనిపించాడు. సంగీతం వింటున్నా మనసు చేస్తున్న పని మీదికే పోయేది. విషయాల రాశిలోంచి సూత్రాలు తీసే యంత్రంగా తన బుద్ధి మారిపోయిందని బాధపడ్డాడు. మళ్లీ బతికే వీలుంటే వారానికి ఒక్కసారైనా కాస్త కవిత్వం చదవాలని, కాస్త సంగీతం వినాలని నియమం పెట్టుకుంటానన్నాడు. ఇది బద్ధకం వల్ల వచ్చిన లోటు కాదు. ఆయన్ని అంతవాణ్ణి చేసిన ఏకాగ్రతే ఆ ఇష్టాన్ని తినేసిందని నాకనిపిస్తుంది.

అందుకే కాగితం మధ్య గీత గీసి బలాలు ఇటు, బలహీనతలు అటు రాసుకునే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. ఇల్లంతా ఒంటిచేత్తో నడిపే పెద్దకోడలికి సాయం అడగడం రాదు. ఆమెకు ఆ రెండూ వేరువేరు గుణాలు కావు. బాగా మాట్లాడగలిగినవాళ్లకు ఎదుటివాళ్లు సగంలో మింగేసిన మాట వినపడదు. నా నోటుబుక్కు తిరగేస్తే, "అడగబోయి ఆగిపోయారు" అన్న పంక్తి ఎక్కువగా కనిపించేది పాఠం ధారాళంగా సాగిన రోజుల్లోనే. ఈ ఏడాది నుంచి అలాంటి రోజున పది నిమిషాల ముందే పాఠం ఆపేసి, మిగిలిన సమయమంతా పిల్లల ప్రశ్నలకు వదిలేస్తున్నాను.