శక్యమా, అర్హమా? ఒక లాటిన్ ప్రత్యయం లేవనెత్తిన ధర్మసందేహం

లాటిన్ భాషలో ధాతువులకు చేరి విశేషణాలను పుట్టించే ‘-బిలిస్’ అనే ప్రత్యయం ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘-అబుల్’, ‘-ఇబుల్’ అనే రెండు రూపాలలో స్థిరపడింది. విజిబుల్ అంటే కంటికి కనిపించేది, ఆడిబుల్ అంటే చెవికి వినిపించేది, పోర్టబుల్ అంటే మోసుకుపోవడానికి వీలైనది. అయితే లాటిన్‌లోనే ‘వెనెరాబిలిస్’ అన్న మాటకు పూజించడానికి వీలైనవాడని కాక పూజకు తగినవాడని అర్థం. ‘అమాబిలిస్’ ప్రేమకు పాత్రమైనది. అంటే ఒక పని జరగడానికి వీలుండటం అనే శక్యతను, ఆ పనికి తగి ఉండటం అనే అర్హతను ఈ ప్రత్యయం పుట్టినింటిలోనే కలిపి మోసింది. ఇంగ్లీషులో ‘ఏబుల్’ అనే విడి పదం ‘హాబిలిస్’ అనే వేరొక లాటిన్ మాట నుంచి వచ్చినదే అయినా, ధ్వనిలోని పోలిక వల్ల ఈ ప్రత్యయం వినగానే శక్యతార్థమే ముందుగా స్ఫురిస్తుంది. మంచి అంటే ఏమిటన్న ప్రశ్నను ఈ కలయిక ఎంత దూరం తీసుకుపోయిందో 19వ శతాబ్దపు ఒక వాదంలో స్పష్టంగా చూడవచ్చు.

జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో ఒక పత్రికలో వ్యాసాలుగా, 1863లో పుస్తకంగా వెలువరించిన ‘యుటిలిటేరియనిజం’, అనగా ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించేదే సత్కర్మ అనే ఉపయోగవాద గ్రంథం, నాలుగో అధ్యాయంలో ఒక ఉపమానాన్ని ఆశ్రయిస్తుంది. ఒక వస్తువు విజిబుల్ అనడానికి జనం దానిని చూడటమే రుజువు, ఒక ధ్వని ఆడిబుల్ అనడానికి జనం దానిని వినడమే రుజువు. అదే విధంగా ఒకటి డిజైరబుల్ అనడానికి జనం దానిని కోరడం తప్ప వేరే సాక్ష్యం చూపడం సాధ్యం కాదని, ప్రతి మనిషీ తన సుఖాన్ని కోరుతున్నాడు కనుక సుఖం డిజైరబుల్ అని మిల్ వాదం. మూడు మాటల చివరా ఒకే ప్రత్యయం ఉండటం వల్ల మెట్లు సమానంగా ఉన్నట్టు కనిపిస్తాయి.

1903లో ‘ప్రిన్సిపియా ఎథికా’ ప్రచురించిన జి. ఇ. మూర్ ఈ మూడో మెట్టు మొదటి రెండింటితో సమానం కాదని చూపాడు. డిజైరబుల్ అంటే కోరడానికి వీలైనది కాదు, కోరదగినది. దానిని విజిబుల్‌తో కాక డిటెస్టబుల్‌తో, అంటే అసహ్యించుకోదగినదానితో, పోల్చాలి. ఉన్నదాని నుంచి ఉండవలసినదానికి ప్రత్యయం చాటున దాటిపోవడమే మిల్ చేసిన పొరపాటని మూర్ నిర్ణయం.

ఈ వాదాన్ని అచ్చతెలుగులో చెప్పి చూస్తే విషయం మరింత తేటపడుతుంది. తెలుగులో ‘కనిపించే’, ‘చూడదగిన’, ‘చూడవలసిన’ అనేవి మూడు వేర్వేరు మాటలు. మొదటిది శక్యతను, రెండోది అర్హతను, మూడోది విధిని తెలుపుతాయి. జనం చూస్తున్నారు కనుక కనిపించేది అనడంలో చిక్కు లేదు. జనం కోరుతున్నారు కనుక కోరదగినది అన్న వెంటనే ‘తగిన’ అన్న మాట దగ్గర తర్కం ఆగిపోతుంది, ఎందుకు తగింది అన్న ప్రశ్న దానంతట అదే లేస్తుంది. తెలుగు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. కాని దానిని దాటవేయనివ్వదు.

సంస్కృతంలో పరిస్థితి మరింత ఆసక్తికరం. పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయం ‘తవ్య’, ‘అనీయ’, ‘య’ వంటి ప్రత్యయాలను ‘కృత్యాలు’ అనే పేరుతో ఒకచోట చేర్చి, అవి అర్హతను తెలిపే సందర్భాన్ని ఒక సూత్రంలో, శక్యతను తెలిపే సందర్భాన్ని మరొక సూత్రంలో విడదీసి చెబుతుంది. రూపం ఒకటే అయినా అర్థాలు రెండని వ్యాకర్తకు తెలుసు. వాడుక మరొక అడుగు ముందుకు వేసి, ఒకే ధాతువు నుంచి పుట్టిన జంటలకు ఈ రెండు పనులనూ పంచిపెట్టింది: దృశ్యం కంటికి కనిపించేది, దర్శనీయం చూడదగినది, శ్రవ్యం వినిపించేది, తెలుగువారి నోట శ్రావ్యం చెవికి ఇంపైనది. ఒక్క దీర్ఘంతో చెవికి అందేదానికీ మనసుకు హత్తుకునేదానికీ తేడా చూపగల భాష తెలుగువారికి దక్కడం అల్పమైన భాగ్యం కాదు.

మిల్‌ను ఇంతటితో తోసిపుచ్చడం మాత్రం న్యాయం కాదు. పరమ లక్ష్యాలకు సాధారణార్థంలో నిరూపణ ఉండదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన చూపినది సాక్ష్యం మాత్రమే. పైగా అదే గ్రంథం రెండో అధ్యాయంలో, రెండు సుఖాలలో ఏది ఉత్తమమో రెండింటినీ అనుభవించినవారే చెప్పాలన్నాడు. కోరిక ఒక్కటే చాలదనీ, అనుభవంతో పదునెక్కిన కోరికకే విలువ ఉందనీ ఆయన ఎరిగినవాడే. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని బోధించే సందర్భంలో ఉన్న భేదం ఇదే: ప్రేయస్సు ఎక్కువ ప్రియమైనది, శ్రేయస్సు ఎక్కువ మేలైనది, రెండూ మనిషి ముందుకు వస్తాయి, ధీరుడు వాటిని పరిశీలించి వేరు చేస్తాడు. కోరికను సాక్షిగా పిలవవచ్చు. న్యాయాధిపతి స్థానంలో కూర్చోబెట్టరాదు.

నీతి విషయంలో కంటే దైవ విషయంలో ఈ ప్రత్యయం తెచ్చిపెట్టిన చిక్కు లోతైనది. ‘ఇన్ఎఫబుల్’ అంటే మాటలకు అందనిది. దీనికి సమానంగా తెలుగులో తరచు వాడే ‘అనిర్వచనీయం’ అద్వైతంలో బ్రహ్మానికి కాక, సత్తనీ అసత్తనీ నిర్ణయించి చెప్పడానికి వీలులేని మాయకు పారిభాషిక పదం కనుక, తత్త్వగ్రంథాల అనువాదంలో దానిని జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. యూదుల సంప్రదాయంలో నాలుగు హల్లుల దైవనామం ఉచ్చరించడానికి వీలులేనిది కాదు, ఉచ్చరించకూడనిది. దాని బదులు ‘అదోనాయ్’, అనగా ప్రభువు, అని చదువుతారు. తెలుగు బైబిలులోని ‘యెహోవా’ అనే రూపం ఆ హల్లులకు అదోనాయ్ అచ్చులను కలిపి చదవడం వల్ల పుట్టింది. ఆ నామాన్ని కూడా ఇంగ్లీషు ఇన్ఎఫబుల్ అనే అంటుంది. అక్కడ ఆ మాటకు నోటి అశక్తత కాదు, నోటి అనర్హత అర్థం.

426 ప్రాంతంలో పూర్తిచేసిన ‘క్రైస్తవ బోధన’ అనే గ్రంథం మొదటి భాగంలో అగస్టీన్ ఈ మాటలోని విరోధాన్ని పట్టుకున్నాడు. దేవుడు ఇన్ఎఫాబిలిస్ అంటే ఆ మాట అనడంతోనే ఆయనను గురించి ఏదో చెప్పినట్టే అవుతుంది. కనుక మాటలకు అందనివాడని కూడా అనరాదు. శక్యతార్థంలో ఈ ముడి విడదు. అగస్టీన్ దానిని విప్పే ప్రయత్నం చేయక మౌనంతో దాటడమే మేలని చెప్పి, వెంటనే వేరొక మాటను అందుకుంటాడు: దేవునికి తగినట్టుగా ఏదీ చెప్పలేము, అయినా ఆయన మనుష్యకంఠం చేసే సేవను అంగీకరించాడు, మన మాటలతో తనను స్తుతించి మనం ఆనందించాలని కోరాడు. ఇక్కడ మౌనానికి కారణం మాట దేవుణ్ణి చేరలేకపోవడం కాదు, ఆయనకు తగకపోవడం. తగదని తెలిసీ పలికే మాటే స్తోత్రమైంది.