కాడి దించే చెయ్యి

మా నాన్న కాడి ఎత్తి పట్టుకుంటే చాలు, దాపటెద్దు తనంతట తనే వచ్చి మెడ వంచేది. వలపటిదాన్ని మాత్రం పగ్గం పట్టి లాక్కురావాలి. నందిగామ పక్కన మా నల్లరేగడి చేలో పత్తికి గుంటక తోలే రోజుల మాట ఇది. గట్టు మీద కూర్చుని గీత శ్లోకాలు బట్టీ పట్టేవాణ్ణి. ఫలం కోరకుండా పనిచెయ్యడమంటే దాపటెద్దే అనిపించేది. పత్తీ దానిది కాదు, అమ్మిన డబ్బూ దానిది కాదు.

మొన్న అమెరికా నుంచి మా అమ్మాయి ఒక వీడియో పంపింది. అలాస్కాలో మంచు బండి లాగే కుక్కలు. పట్టెడలు బయటికి తీస్తుండగానే ఎగిరెగిరి ఒకటే అరుపులు. బండి కదిలిందో లేదో, ఒక్కటీ నోరెత్తలేదు. "వీటికి లాగడమే పండగ నాన్నా" అంది.

1925లో అక్కడి నోమ్ ఊరికి డిఫ్తీరియా వస్తే, 20 మంది చేతులు మారుతూ సుమారు 1,085 కిలోమీటర్లు కుక్కబండ్ల మీదే మందు చేర్చారు. అందరికన్నా ఎక్కువ దూరం తోలిన సెప్పాలా బండికి ముందు నడిచింది టోగో. అప్పటికి దానికి పన్నెండేళ్లు. ఆ ఏడాదే న్యూయార్కులో విగ్రహం లేచింది మాత్రం ఆఖరి మజిలీలో ముందు నడిచిన బాల్టోకి. టోగోకి ఆ సంగతి పట్టనే పట్టదు.

అయితే ఇది నిష్కామమేనా? నాకిప్పుడు అలా అనిపించడం లేదు. వాటికి కోరిక నిండా ఉంది. అది ఫలం మీద కాదు, లాగడం మీద ఉంది. అలాగని అన్నీ ఇష్టంగానే లాగుతాయనడం మనకు అనువైన మాట. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో బండ లాగే గిత్తల వెనక చర్నాకోల ఎందుకుంటుంది మరి?

ఒక మిట్టమధ్యాహ్నం వలపటెద్దు సాలు మధ్యలో నిలబడిపోయింది. దాపటిది నోట నురగ కారుతున్నా ముందుకే గుంజుతోంది. నాన్న కాడి దించేశాడు. "ఇంకో నాలుగు సాళ్లేగా" అన్నాను.

"ఆగిపోయినదాంతో భయం లేదురా, అలిసానని అదే చెప్పింది. ఇది చెప్పదు. చెప్పనిదాని సంగతి మనమే కనిపెట్టాలి."

భారతంలో సైంధవుణ్ణి చంపాల్సిన రోజున, పొద్దు గుంకేలోగా పని కావాల్సిన తొందరలో, యుద్ధం నడిమధ్య కృష్ణుడు గుర్రాలను విప్పాడు. ఒంట్లో దిగిన బాణాలు తీశాడు, నీళ్లు తాగించాడు. గీత చెప్పింది ఆయనే. పని మీదే మనసు పెట్టమన్నవాడికి, అలా మనసు పెట్టినవాళ్లను ఆపే బాధ్యత కూడా ఉంటుందని ఆ ఘట్టం చదివాక తోచింది. నాకు శ్లోకాలు నేర్పినవాళ్లు ఆ ఘట్టం దాకా రాలేదు.

ఆ సాయంత్రం దాపటెద్దు మెడ మీద ఒరుసుకుపోయిన చోట నాన్న ఆముదం రాశాడు. అది మాత్రం ఆయన భుజం మీదుగా కాడి వైపే చూస్తోంది.