ఉగాదినాడు ఇంటి పంచాంగం

నెల్లూరు,
8 మార్చి 2026

చి.ల.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది.  

మొన్న ఫోనులో నువ్వన్న రెండు మాటలు నన్ను వదలడం లేదు. "రెండు జీతాలు వస్తున్నా ఇరవయ్యో తేదీ దాటితే చేతిలో ఏమీ ఉండటం లేదు పెదనాన్నా" అన్నావు. హైదరాబాదులో కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు చాలామంది అనే మాటే అది. దానికి మందుంది. రెండోది, క్రెడిట్ కార్డు మీద అరవై వేలు బాకీ పడిందని చెప్పి, "ఈ సంగతి ఆయనకి తెలీదు, మీరు అనకండి" అన్నావు. ఆ మాట కోసమే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే మందలింపులా వినపడుతుందని కాగితం మీద పెట్టాను.

ఇంకో పదకొండు రోజుల్లో ఉగాది. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. పేరు చూసి జంకకు. అరవై ఏళ్ళ కిందట, 1966లో, ఇదే పరాభవ వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. సాయంత్రం మా ఊరి రామాలయం అరుగు మీద పంచాంగ శ్రవణం. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుతుంటే ఊరంతా చెవులు రిక్కించి వింటోంది. మీ తాతయ్య రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం ఏమీ అనకుండా ఇంటికొచ్చి, దీపం దగ్గర చాప పరిచి, మీ నాయనమ్మను పిలిచి, పద్దుల పుస్తకం తెరిచి ఏడాది జమాఖర్చంతా పైకి చదివారు. బడిపంతులు జీతం, రెండెకరాల కౌలు, కొట్లో అరువు, మా అక్క పెళ్ళికి చేసిన బాకీ. నాయనమ్మకు చదువు రాదు. అయినా మధ్యలో ఆపి, "నువ్వులమ్మిన పదిహేను రూపాయలు చేరలేదండీ" అంది. తాతయ్య నాలిక్కరుచుకుని ఆ పద్దు ఎక్కించారు. "ఊరందరి ముందు సిద్ధాంతిగారు చదివే ఆదాయ వ్యయాలు మన చేతిలో లేవురా. ఇవి ఉన్నాయి" అన్నారు నాతో.

ఏటా ఉగాదికి ఆ చదువు విన్నవాణ్ణి. నా సంసారంలో మాత్రం దాన్ని విడిచిపెట్టాను. దాని ఫలితం నీకు చెప్పాలి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1988లో స్నేహితుడొకడు అప్పు తీసుకుంటూ జామీను సంతకం అడిగాడు. చేశాను. అప్పటికి తొమ్మిదేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతుందని పదిమందికి చెప్పినవాణ్ణి. ఆర్నెల్లకు అతను కట్టడం మానేశాడు. నెలకు మూడు వందల యాభై చొప్పున నా జీతంలో కోత మొదలైంది. మీ పెద్దమ్మకు చెప్పడానికి మొహం చెల్లక, పీఎఫ్ ఎక్కువగా కోసుకుంటున్నారన్నాను. మూడేళ్ళు అలాగే గడిపాను.

ఒకరోజు రేషన్ కార్డు కోసం అలమర వెతుకుతుంటే ఆమె పద్దుల పుస్తకం చేతికొచ్చింది. నెలనెలా మొత్తం ఒకసారి కూడి, కొట్టేసి, మళ్ళీ కూడి ఉంది. అంచున పెన్సిలుతో చిన్నగా "ఎక్కడ?" అని రాసుకుంది. కొన్ని నెలలకు ఆ మాట రెండేసిసార్లు ఉంది. అంతకుముందు రోజూ కనిపించే 'పూలు' పద్దు 1988 శ్రావణం తర్వాత ఎక్కడా లేదు. సంపాదన సరిపోకపోవడానికి తన దుబారాయే కారణమనుకుని, తనకోసం పెట్టుకునే ఆ పావలా ఖర్చూ మానేసింది.

ఆ రాత్రే నిజం చెప్పాను. ఆమె అరవలేదు. "మూడేళ్ళు నా చేతినే నేను నమ్మలేదండీ" అంది. ఆ అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఆ మాటకు నేనివ్వగలిగిన జవాబు ఇప్పటికీ దొరకలేదు.

తల్లీ, ఇప్పుడు అల్లుడి సంగతి ఆలోచించు. నెలాఖరుకి డబ్బు చాలకపోతే ఆ పిల్లాడు కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని "ఎక్కడ?" అని వెతుక్కుంటూనే ఉంటాడు. జవాబు నీ దగ్గర ఉంది. దాచిన బాకీకి వడ్డీ కట్టేది దాచినవాళ్ళొక్కరే కాదు, ఏమీ తెలియని ఆ రెండో మనిషి కూడా. కనుక ఉగాదిదాకా ఆగకు. ఈ ఉత్తరం అందిన రాత్రే, భోజనాలయ్యాక, సాకులేవీ కలపకుండా చెప్పెయ్యి. అతను కాసేపు చిన్నబుచ్చుకుంటాడు. చిన్నబుచ్చుకోనీ.

ఆ తర్వాత ఉగాది సాయంత్రం ఇద్దరూ కూర్చుని మీ ఇంటి పంచాంగం చదువుకోండి. పైకి చదవాలి. ఒకరు కంప్యూటరులో పట్టిక తయారుచేసి రెండోవాళ్ళకు పంపితే అది లెక్క అవుతుందేమో గాని శ్రవణం కాదు.

పైకి చదవడానికి ఉన్న బలం నేను పల్లెలో చూశాను. 1990ల మొదట్లో మన జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకు పోయే కూలి డబ్బు ఇంటికి రావడం మొదలయ్యాక, ఆ ఆడవాళ్ళే రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. నేను పనిచేసిన పల్లె శాఖకు పదిహేనుమంది చొప్పున గుంపుగా వచ్చి ఖాతా తెరిచేవాళ్ళు. వేలిముద్రలు వేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ సమావేశానికి వెళ్తే, చదువొచ్చిన పిల్ల ఒకతె పుస్తకం చదివేది: ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎవరు బాకీ పడ్డారు. పేరు వినపడ్డ మనిషి లేచి కారణం చెప్పేది. బిడ్డకు జ్వరమనో, పని దొరకలేదనో. మిగతావాళ్ళు విని గడువిచ్చేవాళ్ళు. ఆ చదువులో అవమానం లేదు. బాకీ అందరికీ తెలిసింది కాబట్టి భయమూ లేదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, గడువులో చెల్లింపు, పుస్తకం రాయడం అని ఇప్పుడు వాటిని పంచసూత్రాలంటున్నారు. పదిహేను కుటుంబాలవాళ్ళు ఒక చాప మీద చేయగలిగిన పని ఒక కప్పు కింద ఉండే మీ ఇద్దరికీ కష్టం కాదు.

చదవడం అప్పుతో మొదలుపెట్టండి. నీ కార్డు సంగతే చూడు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే అరవై వేలకు 2,100. దాని మీద 18 శాతం జీఎస్టీ 378. బిల్లులో కనీస మొత్తమని చూపించే 3,000 కట్టి ఊపిరి పీల్చుకుంటున్నావు గాని, అందులో అసలు కింద తగ్గేది 522 రూపాయలే. పెళ్ళప్పుడు మీ నాన్న నీ పేర వేసిన డిపాజిట్ ఉంది కదా. దాని మీద ఏడాదికి వచ్చేది ఏడు శాతం లోపే. కార్డు లాక్కునేది నలభై రెండు. నాన్న గుర్తుగా ఉంచుకోవాలని నీకుంటుంది, తెలుసు. అయినా దాన్ని విరిచి కార్డు బాకీ మొత్తం ఒక్కసారే కట్టెయ్యి. కూతురు నెలనెలా వడ్డీ కడుతుంటే సంతోషించే తండ్రి కాదు మీ నాన్న.

తర్వాత ఆదాయ వ్యయాలు. పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి చూడండి. యూపీఐ వచ్చాక డబ్బు చేతిలోంచి పోతున్నట్టు తెలియదు. పైకి చదివితే తెలుస్తుంది. చదివేటప్పుడు "ఇది నీ ఖర్చు, అది నా ఖర్చు" అనే మాట రానివ్వకండి. నువ్వు పుట్టింటికి పంపేదీ, అల్లుడు వాళ్ళమ్మగారికి పంపేదీ ఒకే గొంతుతో చదవండి. పెద్దల మందులూ, పండగలకు పెట్టుపోతలూ సంసారం ఖర్చులోవే. చాటున పంపితే అదే డబ్బు రెండు కుటుంబాల మధ్య తగవవుతుంది.

ఫ్లాటు కొనాలనుకుంటున్నారట. మంచిదే. యాభై లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకుంటే నెల వాయిదా 43,391. మొదటి నెల అందులో 35,417 వడ్డీకే పోతుంది. ఇరవై ఏళ్ళకు కట్టేది కోటీ నాలుగు లక్షల పైమాట. ఏటా ఒక్క వాయిదా అదనంగా కట్టగలిగితే మూడేళ్ళకు పైగా ముందే తీరుతుంది. అందుకని ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో నిలవుంచుకుని, ఏటా ఆ అదనపు వాయిదా కట్టగలమనుకున్న రోజున కొనండి.

కాగితాల విషయం ఒక్కటి. భర్త పోయాక పాస్‌పుస్తకం పట్టుకుని, ఇంకేమేం ఉన్నాయో తెలియక మా కౌంటరు ముందు నిలబడ్డ ఆడవాళ్ళను ఎందరినో చూశాను. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. తర్వాత అడిగినా ఇస్తారు, కానీ ఉందని తెలిస్తే కదా అడిగేది. నీ ఖాతాల్లో నామినీగా ఇంకా మీ నాన్న పేరే ఉండొచ్చు, అతనివాటిలో వాళ్ళమ్మగారి పేరు. నిరుడు నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు కనుక ఎవరినీ నొప్పించకుండా సర్దుకోవచ్చు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమేననీ, వారసుల హక్కు వారసులదేననీ గుర్తుంచుకోండి.

ఇంతా చెప్పి, ఇంకొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. దాపరికం వద్దన్నాను గాని, నీ పేరన ఉన్న ఖాతా మూసెయ్యమనలేదు. మన ఆడవాళ్ళు పోపుల డబ్బాలో డబ్బు దాచుకున్నారంటే, అడిగితే ఇచ్చే చెయ్యి లేక దాచుకున్నారు. నీకు జీతముంది. నెలకు ఇద్దరూ చెరికొంత, లెక్క అడగని డబ్బుగా విడిగా పెట్టుకోండి. దాంతో నువ్వు చీర కొన్నా, అతను ఇంకేదైనా కొన్నా రెండోవాళ్ళు ప్రశ్నించకూడదు. అంత పెట్టుకుంటున్నామని ఇద్దరికీ తెలిస్తే చాలు. లెక్క చెప్పడం ఇద్దరి బాధ్యత. నువ్వొక్కతివే చెప్పి, అతనొక్కడే అడిగితే అది సంసారం కాదు, తనిఖీ. అలాంటి వాసన వస్తే మొహమాటపడకుండా నాతో చెప్పు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను.

చదవడం పూర్తయ్యాక దేనికెంతో రాసుకుని, ఇద్దరూ కింద సంతకం పెట్టండి. పదమూడు రోజులు తిరిగితే ఏప్రిల్ 1, ప్రభుత్వ లెక్కలకూ కొత్త ఏడాది. అక్కణ్ణుంచి నెలకోసారి అరగంట చాలు.

ఈ ఉత్తరం కవరులో పెట్టేముందు మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. నీ బాకీ ఉన్నచోటల్లా వదిలేశాను. అది అందరికంటే ముందు అల్లుడు వినాల్సిన మాట. నా సంగతి మాత్రం ఒక్క ముక్క వదలకుండా చదివాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పూల పద్దు మళ్ళీ మొదలైందని కూడా రాయండి" అంది.

రాశాను తల్లీ.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న