మాల తీసిన మర్నాడు

కార్తీకం వస్తే మా ఐటీ ఆఫీసులోనూ నల్లబట్టలు కనిపిస్తాయి. 41 రోజుల మండల దీక్ష అంటే తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక. వీటన్నిటికంటే కష్టమైన నియమం ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది. ఎదురుపడిన మగవాళ్లని 'స్వామి' అనీ, ఆడవాళ్లని 'మాత' అనీ పిలవడం.

మేనేజర్‌ని స్వామీ అనడం తేలికే. మరి పార్సిల్ ఆలస్యంగా తెచ్చిన డెలివరీ కుర్రాణ్ణి? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని? మాల మెడలోనే ఉందో, మనసులోకి దిగిందో అక్కడ తెలిసిపోతుంది.

శబరిమల సన్నిధానంలో, పదునెట్టాంబడి పైన, ఛాందోగ్యోపనిషత్తులోని మహావాక్యం రాసి ఉంటుంది. నువ్వు వెతుక్కుంటూ వచ్చినవాడు నీలోనే ఉన్నాడని దాని భావం. నాలో ఉన్న అయ్యప్ప వాచ్‌మన్‌లో లేకుండా పోతాడా? గీత 12వ అధ్యాయం, 13వ శ్లోకంలో భక్తుడి లక్షణాలు మొదలుపెడుతూ కృష్ణుడు ముందుగా చెప్పింది కూడా ఇదే: ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం. బట్టల గురించి ఆ జాబితాలో ఒక్క మాటా లేదు.

నియమాలన్నీ ఆ చూపు కోసం చేసే అభ్యాసమే అండి. దీక్ష విరమించాక, 42వ రోజున గేటు తీసే మనిషిని ఏమని పిలుస్తున్నామో ఒక్కసారి గమనించుకుందాం.

స్వామియే శరణం అయ్యప్ప!