కట్టినవారి పేరు

ఈ శనివారం మా పడవ నీళ్ళలోకి దిగాలి. మాడిసన్‌లో మేముండే ఇంటి నుంచి మొనోనా సరస్సు నడిచివెళ్ళేంత దూరమే. పన్నెండడుగుల ప్లైవుడ్ పడవ, చలికాలమంతా గ్యారేజీలో కట్టాం. వెనక బిగించేది 1950ల నాటి మూడు హార్స్‌పవర్ ఎవిన్‌రూడ్ మోటారు. ఇంట్లో కట్టుకున్న పడవైనా మోటారు పెడితే విస్కాన్సిన్ రాష్ట్రం నంబరివ్వాలి. అదీ వచ్చింది. అన్నీ సిద్ధమనుకుంటుండగా మొన్న రాత్రి ఒక ఇత్తడి పలక నన్ను ఆపేసింది.

పడవ లోపల బిగించడానికి నా సహచరుడు ముచ్చటపడి చెక్కించిన పలక అది. కట్టినవారి పేరు, సంవత్సరం. ఒక్క పేరే ఉంది, అతనిది. కావాలని చేసింది కాదు, అతనికి తట్టలేదు. తట్టకపోవడమే నన్ను బాధపెట్టింది.

ఈ పడవకి మేకుల పని తక్కువ. కోసిన ప్లైవుడ్ ముక్కల అంచుల వెంట రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టుకుంటూ పోవాలి. ముందు వదులుగా కుట్టి, ఆకారం కుదిరాక తీగ మెలితిప్పి బిగించాలి. చెక్కపొడి కలిపిన ఎపాక్సీతో అతుకులు నింపి, అది గట్టిపడ్డాక తీగలు లాగేసి, పైన ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించాలి. మా అమ్మ జాకెట్లకి వేసే కచ్చాకుట్టుకీ దీనికీ నాకు తేడా కనబడలేదు. ప్లాను చదివిందీ, చెక్క కోసిందీ అతను. కుట్టిందంతా నేను. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళు మసులా అని రాసుకున్న పడవల్ని పలకలకి కొబ్బరిపీచు తాడుతోనే కుట్టేవారు. కుట్టు బట్ట మీద ఉంటే ఆడవాళ్ళ కాలక్షేపం, చెక్క మీదకొస్తే నౌకా నిర్మాణం! అయినా పలకమీదికి మాత్రం కోసిన చెయ్యే ఎక్కింది.

మోటారుదీ ఇదే కథ. ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో ఈ మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఎండలో తెడ్లు వేసుకుంటూ వెళ్ళి బెస్ కోసం ఐస్‌క్రీం తెచ్చేలోపు అది కరిగిపోయిందనీ, అందుకే మోటారు కనిపెట్టాడనీ కథ. ఈ కథలో బెస్ పని ఐస్‌క్రీం అడగడమే. నిజానికి లెక్కలూ ఉత్తరాలూ చూసిందీ, తెడ్లు పారేయండని ప్రకటన రాసిందీ ఆమె. ఆమె ఆరోగ్యం చెడడంతో 1914లో కంపెనీ అమ్మేశారు. తర్వాత వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టిన తేలిక మోటారుకి ఎల్టో అని పేరు పెట్టిందీ ఆమే. 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ ఆగిపోయేదాకా వాటి మీద ఉన్నది ఆమె పేరేనని ఎవరైనా వాదించవచ్చు. పెళ్ళితో వచ్చిన పేరు కదా.

ఇంతవరకూ నా కోపం హాయిగా సాగింది. అతనితో ఏం మాట్లాడాలో వాక్యాలు కూర్చుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాను. బల్ల మీద నా పుస్తకం ప్రూఫులున్నాయి. స్త్రీల పాటల మీద నా సిద్ధాంత గ్రంథం ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. అట్ట మీద ఒక్క పేరే, నాది. నేను రాసిన రెండేళ్ళూ నా కూతుర్ని పెంచిన అమ్మకి ముందుమాటలో ఒక వాక్యం: 'రుణపడి ఉంటాను'. పాటలు పాడిన పద్నాలుగు మంది ఆడవాళ్ళు అనుబంధంలో 'సమాచారమిచ్చినవారు'. వయసు, ఊరు మాత్రమే. ముగ్గురు పేరు వద్దన్నారు. మిగతా వాళ్ళని నేను అడగనేలేదు. పద్ధతి అదేననుకున్నాను. అంటే నాకూ తట్టలేదు.

అలాగని, నేను చేసిన తప్పు నా ఫిర్యాదుని రద్దు చేస్తుందా? చెయ్యదనే అనుకుంటున్నాను. కానీ పేరు ఎందుకు కావాలో సరిగ్గా ఆలోచించాల్సి వచ్చింది. మెప్పు కోసమైతే సిగ్గుపడి ఊరుకోవచ్చు. ఈ పడవలో నా ఎనిమిదేళ్ళ కూతురు కూర్చోబోతోంది. అతుకు విడితే అది నా అతుకే. పలక మీద పేరు లేకపోతే, తప్పు చేసే అర్హత కూడా నాకు లేదన్నట్టే. సాయం చేసినవాళ్ళని ఎవరూ నిలదీయరు, కట్టినవాళ్ళనే అడుగుతారు. అలాగే ఆ పాటల్లో చరణం మార్చి పాడిన మనిషిని 'సమాచారం' అన్నప్పుడు, ఆమె ఎందుకు మార్చిందని నేను అడగలేదు. మార్పుని 'పాఠాంతరం' అని రాసుకున్నానంతే. మార్చిన మనిషిగా ఆమెని నేను చూడలేదు.

మర్నాడు అతనికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "కొత్త పలక చేయించడానికి వారం పడుతుంది," అన్నాడు. పలక లేకుండానే దిగుదామన్నాను. డ్రమ్ములో నీళ్ళు పోసి మోటారు ముంచి పరీక్షించాం. పెట్రోలులో ఇరవైనాలుగుకి ఒక పాలు ఆయిల్. చాలాసార్లు తాడు లాగాక నీలిపొగతో అంటుకుంది. ఆ పొగా, ఆ నూనే సరస్సులోకే పోతాయన్నది ఇంకో తగువు, దాన్ని తర్వాత పడదాం.

ప్రచురణకర్తకి రెండు వారాలు గడువడిగాను. పదకొండు మందిలో ఇద్దరు లేరని తెలిసింది, వాళ్ళ పిల్లల్ని అడగాలి. రాత్రి రాజమండ్రికి ఫోన్ చేసి, పుస్తకంలో నీ పేరు ఎలా వేయమంటావని అమ్మని అడిగాను. "నాదెందుకే అందులో" అని మాట దాటేసి పడవ సంగతి అడిగింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పటి నుంచీ పడవంటేనే ఆమెకి దడ.

"అతుకులెవరు వేశారు?"

"నేనే."

"కచ్చాకుట్టు దగ్గర నీకు మొదట్నుంచీ తొందరే. పిల్లని ఎక్కించే ముందు ఇంకోసారి చూసుకో."

టార్చి పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళాను.